ఓల్డ్‌బాయ్: హాలీవుడ్ రీమేక్ చూసేశాక కొరియా సినిమా చూడాలా?

చివరి వరుస:

2013లో స్పైక్ లీ తీసిన ఓల్డ్‌బాయ్ చూశాను, జాష్ బ్రోలిన్ హీరో. ఇది 2003లో వచ్చిన కొరియా సినిమాకి రీమేక్ అని చూసిన తర్వాతే తెలిసింది. కథ చెప్పుకుంటే ఒళ్లు గగుర్పొడవాలి. ఒక మనిషిని కారణం చెప్పకుండా ఇరవై ఏళ్లు గదిలో పెట్టి తాళం వేస్తారు. ఉన్నట్టుండి వదిలేస్తారు. పట్టినవాణ్ని వెతుక్కుంటూ వెళ్తే, తాను ప్రేమించిన అమ్మాయి తన సొంత కూతురని తేలుతుంది. ఇంత కథ ఉండి కూడా సినిమా అయిపోయాక "ఓహో, అదా సంగతి" అనుకుని లేచి వెళ్లి పడుకున్నాను. మనసుకి ఏమీ పట్టలేదు.

మా ఆఫీసులో ఇద్దరికి చెప్తే "కొరియాది వదిలేసి ఇదెందుకు చూశావు" అని క్లాసు పీకారు. సరే, తేడా ఏంటో చెప్పండంటే "అది వేరే లెవెల్ బాసూ" తప్ప ఇంకో ముక్క రాలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. చివరి మలుపు నాకు తెలిసిపోయింది. ఇప్పుడు కొరియా సినిమా చూస్తే నాకు మిగిలేది ఏమైనా ఉందా? తేడా నిజంగా సినిమాలోనే ఉందా, లేక మొదట వచ్చినదాని మీద అందరికీ ఉండే అభిమానమా? దాచకుండా రాయండి. కథంతా తెలిసినా నాకేం ఇబ్బంది లేదు.

ఎడిట్ టేబుల్:

చూడండి, తప్పకుండా చూడండి. నేను ఎడిటింగ్ వైపు మనిషిని కాబట్టి అటునుంచి రెండు సంగతులు చెప్తాను.

మొదటిది కారిడార్ ఫైట్. కొరియా సినిమాలో హీరో ఒక సుత్తి పట్టుకుని ఇరుకైన నడవాలో గుంపుతో తలపడతాడు. కెమెరా పక్కనుంచి గోడ వెంట జరుగుతూ ఉంటుంది, కట్ అనేదే లేదు. మూడు రోజులు తీశారు, పదిహేడు టేకులు. వీపులో దిగిన కత్తి ఒక్కటే కంప్యూటర్‌లో పెట్టింది. మిగతా ఆయాసమంతా నిజం. సగంలో హీరో నేలకూలతాడు, కొట్టేవాళ్లు కూడా రొప్పుతూ నిలబడిపోతారు. ఎవరికీ ఓపిక ఉండదు, అయినా మళ్లీ మొదలుపెడతారు. మన దగ్గర ఒక్కడు వందమందిని కొట్టే ఫైట్లు చూసి పెరిగినవాడిగా చెప్తున్నాను, అలసట కనబడే ఫైట్ ఎంత బరువుగా ఉంటుందో అక్కడ తెలిసింది నాకు. రీమేక్‌లో అదే ఫైట్‌ని రెండు అంతస్తులకి పెంచారు. ర్యాంపు మీదుగా కిందికి దిగుతూ కొడతాడు. బ్రోలిన్ బాగా చేశాడు. కానీ చూస్తుంటే నేర్పిన స్టెప్పులు గుర్తొస్తాయి. దెబ్బ తగులుతుందన్న భయం ఉండదు.

రెండోది, తప్పంతా స్పైక్ లీ మీద వేయకండి. ఆయన ఎడిట్ చేసుకున్న రూపం 140 నిమిషాల దాకా ఉందని అప్పట్లో వార్తలు వచ్చాయి. థియేటర్లలోకి వచ్చింది 104 నిమిషాలే. ఆయన తన సినిమాల మీద "స్పైక్ లీ జాయింట్" అని వేసుకుంటాడు. దీని మీద మాత్రం "స్పైక్ లీ ఫిల్మ్" అని ఉంటుంది. ఒక దర్శకుడు తన ముద్ర తీసేసుకున్నాడంటే లోపల ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. మూడు కోట్ల డాలర్లు పెట్టి తీశారు, ప్రపంచమంతా కలిపి అరకోటి డాలర్ల చుట్టూ వచ్చింది.

డబ్బింగ్ రాత:

చివరి వరుస గారూ, మలుపు తెలిసిపోయిందని వెనకాడకండి. కొరియా సినిమా మలుపు మీద నిలబడిన సినిమా కాదు. ఒక మనిషి చేసిన తప్పు ఎంతటిది, దానికి ఎంత శిక్ష అనే లెక్క మీద నిలబడింది. హాలీవుడ్ వాళ్లు మలుపుని జాగ్రత్తగా ఉంచుకుని ఆ లెక్కని మార్చేశారు. మీకు ఏమీ పట్టకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం. కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

నేను డబ్బింగ్ సినిమాలకి తెలుగు మాటలు రాస్తాను. నా పనంతా నటుల నోళ్లు చూడటమే. పెదవులు ఎక్కడ కలిశాయి, అక్కడ ప, బ, మ లలో ఏది పడుతుంది, నోరు తెరిచి ఉండగా మాట అయిపోతే ఎలా అని ఒక్కో లూప్‌నీ, అంటే డబ్బింగ్ కోసం విడగొట్టిన చిన్న సీన్ ముక్కనీ, వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ కూర్చుంటాను. అందువల్లేమో, కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ తీసిన ఈ సినిమాలో నా కళ్లు మొదట పట్టుకున్నది నోటినే. ఒకసారి పట్టుకున్నాక సినిమా అంతా అదే కనబడింది.

సినిమా దాదాపు పోలీస్ స్టేషన్‌లో మొదలవుతుంది. హీరో పేరు ఓ దే-సు, తాగి ఉన్నాడు. ఆ రోజు కూతురి పుట్టినరోజు, బహుమతిగా కొన్న రెక్కలు దగ్గరే ఉన్నాయి. అరుస్తాడు, ఏడుస్తాడు, బూతులు తిడతాడు, బతిమాలతాడు. నోరు మాత్రం ఒక్క క్షణం మూయడు. స్నేహితుడు వచ్చి విడిపించి, ఫోన్ బూత్‌లో మాట్లాడుతుండగానే మనిషి మాయం. ఆ తర్వాత పదిహేనేళ్లు మాట్లాడటానికి మనిషి లేడు. అంత వాగుడుకాయకి నోటితో మిగిలిన పని వేయించిన డంప్లింగ్‌లు తినడం ఒక్కటే. రోజూ అవే. బయటికొచ్చాక తనని ఎక్కడ బంధించారో కనిపెట్టేది కూడా నాలుకతోనే. ఊళ్లో హోటల్ తర్వాత హోటల్ తిరిగి, డంప్లింగ్ కొరికి రుచి చూసి, ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ పోయి చివరికి పట్టుకుంటాడు. ఆ జైలు నడిపేవాడు దొరికితే వాడి పళ్లు సుత్తి వెనక కొక్కెంతో ఊడబీకుతాడు. వెనక వివాల్డి సంగీతం వస్తుంటుంది. ఇక చివరికి తన నాలుకే కత్తెరతో కోసుకుంటాడు.

ఎందుకు ఇదంతా నోటి చుట్టూ తిరిగింది? ఎందుకంటే అతను చేసిన తప్పు నోటితో చేసింది. స్కూల్లో చదువుకునే రోజుల్లో చూడకూడనిది ఒకటి చూశాడు. తోటి విద్యార్థి ఉ-జిన్‌కీ అతని అక్కకీ మధ్య ఉండకూడని సంబంధం. తర్వాత దే-సుని గదిలో పెట్టించింది ఈ ఉ-జినే. ఆ అబ్బాయి ఎవరో కూడా సరిగ్గా తెలియదు. స్నేహితుడి చెవిలో ఒక మాట వేశాడు, ఆ వెంటనే స్కూలు మారి సియోల్ వెళ్లిపోయాడు. ఆ మాట ఊరంతా తిరిగింది, పెరిగింది, కడుపు వచ్చిందనే దాకా పోయింది. ఆ అమ్మాయి ఆనకట్ట మీదనుంచి దూకి చనిపోయింది. మనవాళ్లు కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు కదా, ఈ సినిమా దాన్ని చివరి అంచు దాకా తీసుకెళ్లి చూపిస్తుంది.

నన్ను వణికించింది ఇంకొకటి. దే-సు గదిలో కూర్చుని, తనవల్ల ఎవరెవరు బాధపడ్డారో గుర్తు చేసుకుని నోటు పుస్తకాలకి పుస్తకాలు నింపుతాడు. ఇన్ని తప్పులు చేశానా అని తానే ఆశ్చర్యపోతాడు. ఆ పుస్తకాల్లో ఈ సంగతి లేదు. అసలు గుర్తే లేదు. అంత తేలిగ్గా అన్న మాట అది. ఒకడి జీవితం మొత్తం ఆగిపోయింది, అన్నవాడికి అన్నట్టు కూడా గుర్తులేదు. ఇలాంటి మాట అనని మనిషి ఎవరైనా ఉంటారా? నేను అనలేదని నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. అందుకే ఆ సినిమా చూస్తున్నంతసేపూ శిక్ష మన మీదికే వస్తున్నట్టుంటుంది.

ఇప్పుడు మీరు చూసిన సినిమా గుర్తు చేసుకోండి. అందులో హీరో జో డూసెట్ మొదటినుంచీ చెడ్డవాడు. తాగుతాడు, కూతురి పుట్టినరోజుకి వెళ్లడు, క్లయింట్‌తో వచ్చిన ఆవిడతోనే వెకిలిగా ప్రవర్తించి వ్యాపారం పోగొట్టుకుంటాడు. అంటే శిక్ష పడదగ్గవాడని మనకి ముందే నచ్చజెప్పేస్తారు. ఇక విలన్ వెనక కథలో పిల్లల్ని పాడు చేసింది కన్నతండ్రి. సంగతి బయటపడ్డాక దేశం వదిలి పోయి, కుటుంబాన్ని కాల్చి చంపిందీ ఆ తండ్రే. అంత ఘోరం చేసిన తండ్రి ఉండగా, స్కూల్లో ఒక మాట జారిన జో చేసింది ఎంత? అతని మాట లేకపోయినా ఆ ఇంట్లో నరకం ఉండనే ఉంది. బరువంతా తండ్రి మీదికి పోయేసరికి జో మీద పగ అర్థం లేనిదైపోయింది. విలన్ మామూలు పిచ్చి కోటీశ్వరుడిగా మిగిలాడు. షార్ల్టో కోప్లీ మంచి నటుడే, కానీ ఆ పాత్రకి వేషం, యాస తప్ప పట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదు.

ఉ-జిన్ అలా కాదు. ఆనకట్ట మీద అక్క చెయ్యి పట్టుకున్నది అతనే, ఆమె వదిలేయమంటే వదిలిందీ అతనే. ఆ చేతిని భరించలేక తప్పంతా దే-సు నాలుక మీదికి తోసి, దాని కోసమే బతికాడు. పగ తీరిన మరుక్షణం బతకడానికి ఇంకేమీ మిగల్లేదు. నాకు ఆ సినిమాలో అతని మీద కోపం కన్నా జాలే ఎక్కువ. నటుల ఎంపికలో ఒక సంగతి చూడండి. దే-సుగా వేసిన చోయ్ మిన్-సిక్ 1962లో పుట్టాడు. ఉ-జిన్‌గా వేసిన యూ జి-తే 1976లో పుట్టాడు. పద్నాలుగేళ్ల తేడా ఉన్నవాళ్లని ఒకే స్కూల్లో చదివినవాళ్లుగా చూపించారు. మొదట అదేంటి అనిపిస్తుంది. కాసేపయ్యాక అర్థమవుతుంది, గదిలో ఉన్నవాడు ముసలివాడయ్యాడు, బయట ఉన్నవాడు అక్క పోయిన రోజు దగ్గరే ఆగిపోయాడు.

ఆక్టోపస్ సీన్ గురించి రాయకుండా ఉండలేను. బయటికొచ్చిన దే-సు ఒక సుషీ హోటల్లో కౌంటర్ ముందు కూర్చుని, ప్రాణంతో ఉన్నదేదైనా పెట్టమంటాడు. అవతల వంట చేసే అమ్మాయి మి-దో (తన కూతురని అతనికి తెలియదు) ఆక్టోపస్ తెచ్చి ముక్కలు కోయబోతుంది. అతను ఆగడు. రెండు చేతులా పట్టుకుని తలకాయ నోట్లో కుక్కుకుంటాడు. కాళ్లు అతని చెంపలకీ ముక్కుకీ చుట్టుకుంటాయి, బుగ్గ మీద అంటుకున్నది ఊడి రాదు, అతను నమలడం మానడు. కెమెరా కదలదు. పదిహేనేళ్లు ఒకటే చచ్చిన తిండి తిన్నవాడికి ప్రాణం రుచి ఎలా తగులుతుందో ఒక్క మాట లేకుండా చెప్పారు. చోయ్ మిన్-సిక్ బౌద్ధుడు. ఆ సీన్ కోసం నాలుగు ఆక్టోపస్‌లు తినాల్సి వచ్చింది, ప్రతిదానికీ ముందు ప్రార్థన చేసుకున్నాడు. 2004లో కాన్ చిత్రోత్సవంలో సినిమాకి గ్రాండ్ ప్రీ వచ్చింది. హాలీవుడ్ దర్శకుడు టారంటీనో జ్యూరీ అధ్యక్షుడిగా ఉన్న ఏడాది అది. పార్క్ అక్కడ నటులతో పాటు ఆ ఆక్టోపస్‌లకి కూడా కృతజ్ఞతలు చెప్పాడు.

రీమేక్‌లో ఇదే చోట ఏముందో గుర్తుందా? బ్రోలిన్ నడుస్తూ ఒక తొట్టి ముందు ఆగుతాడు. లోపల ఆక్టోపస్ ఉంటుంది. చూస్తాడు, వెళ్లిపోతాడు. పాత సినిమా చూసినవాళ్లకి నమస్కారం పెట్టినట్టుంది, అంతకు మించి పని లేదు. పళ్లు పీకే సీన్ స్థానంలో, జైలు నడిపేవాడిగా వేసిన శామ్యూల్ ఎల్. జాక్సన్ మెడ మీద బ్రోలిన్ చుక్కల గీత గీసి చర్మం కోస్తాడు. నిజానికి అది చూడటం ఇంకా కష్టం. కానీ దానికీ కథకీ సంబంధం లేదు. ఇక నాలుక కోసుకోవడం అసలే లేదు. నోటిని మొత్తంగా కథలోంచి తీసేసి డంప్లింగ్‌లు మాత్రం ఉంచేశారు. ఎందుకు ఉన్నాయో తెలియకుండా ఉండిపోయాయి పాపం.

ఇంకొక మాట చెప్పి ఆపేస్తాను. మార్చడమే తప్పు అనను నేను. పార్క్ సినిమా కూడా సొంత కథ కాదు. గారొన్ త్సుచియా రాసి నొబుఆకి మినెగిషి బొమ్మలు వేసిన జపాన్ మాంగా, అంటే బొమ్మల కథ అది, 1996 నుంచి 1998 దాకా వచ్చింది. అందులో ఖైదు పదేళ్లు. పగకి కారణం పూర్తిగా వేరు, ఈ అక్కాతమ్ముళ్ల కథే లేదు. పార్క్ కథకి ప్రాణమైన కారణాన్నే తీసి పారేసి కొత్తది పెట్టాడు, అయినా నిలబడింది. ఎందుకంటే కొత్త కారణానికి తగ్గట్టు మొదటి సీన్‌నుంచీ మళ్లీ కట్టుకొచ్చాడు. హాలీవుడ్ వాళ్లు కారణాన్ని మార్చి, గోడలు పాతవే ఉంచారు.

కృష్ణా తీరం:

డబ్బింగ్ రాత గారూ, చాలా బాగా రాశారు. కానీ రీమేక్ తరఫున ఒకరైనా మాట్లాడాలి.

ఒకటి, హిప్నాటిజం. కొరియా సినిమాలో తండ్రీ కూతుళ్లు ప్రేమలో పడటానికి కారణం ఇద్దరికీ హిప్నాటిజం చేశారట. ఫోన్ మోగగానే ఒకలా, ఒక మాట వినగానే ఒకలా ప్రవర్తిస్తారట. ఇంత పెద్ద కథకి ఇది చాలా బలహీనమైన మేకు. రీమేక్‌లో అది తీసేశారు. అందులో హీరో కూతురు మేరీ వైద్యసేవలో పనిచేసే అమ్మాయి, తానూ దెబ్బలు తిని లేచిన మనిషి. దిక్కులేనివాణ్ని చూస్తే చేరదీసే స్వభావం. ఆ స్వభావాన్ని విలన్ వాడుకున్నాడు. నాకు ఇదే నమ్మదగ్గట్టుగా ఉంది.

రెండు, ముగింపు. ఇది నాకు ముఖ్యం. కొరియా సినిమాలో అతనేం చేస్తాడు? తనకి నిజం మరిచిపోయేలా చేయమని హిప్నాటిజం చేసే ఆవిడకి ఉత్తరం రాసి, మంచులో ఆ అమ్మాయి ఒళ్లోకి చేరతాడు. ఆ పిల్ల గతి ఏంటి? ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. జీవితాంతం తండ్రితో ఉంటుందా? దాన్ని కవిత్వం అంటారు అందరూ. నాకు అది పిరికితనం. జో డూసెట్ ఆ పిల్లకి వజ్రాలూ ఒక ఉత్తరమూ వదిలి, డబ్బు కట్టి మళ్లీ అదే గదిలోకి తనంతట తాను వెళ్లి కూర్చుంటాడు. ఒక తండ్రి చేయాల్సిన పని అదే. కూతుర్ని వదిలిపెట్టాడు, శిక్ష తీసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా నేను ఆ ముగింపు వైపే ఉంటాను.

డబ్బింగ్ రాత:

కృష్ణా తీరం గారూ, రెండోదాన్నే ముందు తీసుకుంటాను, ఎందుకంటే అది నన్నూ తొలిచే ప్రశ్నే.

మి-దో విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. ఆ సినిమాలో అందరికీ నిజం తెలుసు, ఆమెకి తప్ప. చివర్లో ఆమె ముందు కూడా ఒక పెట్టె ఉంటుంది, తెరిస్తే తెలిసిపోతుంది. తెరవొద్దని ఆమె తండ్రి కాళ్లా వేళ్లా పడి ఆపిస్తాడు. ఉ-జిన్ బూట్లు నాకి, కుక్కలా మొరిగి, నాలుక కోసుకుని కొనుక్కున్నది ఆ ఒక్కటే, ఆమె పెట్టె తెరవకుండా ఉండటం. ప్రేమే, కాదనను. కానీ ఆమె తరఫున నిర్ణయం ఇద్దరు మగవాళ్లు చేసుకున్నారు. పార్క్ తర్వాత తీసిన పగ సినిమా, 2005లో వచ్చిన లేడీ వెంజన్స్, పూర్తిగా ఒక ఆడమనిషి చేతిలో పెట్టాడు.

అయితే మేరీకి మాత్రం ఎవరు నిజం చెప్పారు? ఉత్తరంలో మనం ఇంక కలవలేమని ఉంటుంది గానీ ఎందుకో ఉండదు. ఆమెకి వజ్రాలు దక్కాయి, తండ్రి దక్కలేదు, కారణమూ దక్కలేదు. జో వెళ్లి గదిలో కూర్చోవడం అతని మనసుకి ఊరట. తప్పు చేశాను, శిక్ష వేసుకున్నాను, ఖాతా సరిపోయింది అన్నట్టు. అందుకే సినిమా అయ్యాక మనం నిశ్చింతగా పడుకోగలిగాం.

దే-సు ముగింపులో ఖాతా సరిపోదు. న్యూజిలాండ్ మంచులో తీసిన సీన్ అది. మి-దో వచ్చి కౌగలించుకుని ప్రేమిస్తున్నానంటుంది. అతని ముఖంలో నవ్వు మొదలవుతుంది, పెదవులు అలా సాగుతూ సాగుతూ మధ్యలో ఎక్కడో విరుగుతాయి. మరిచిపోయాడా? గుర్తుందా? నేను ఆ ముఖాన్ని పనికోసం లూప్ చూసినట్టు ఆపి ఆపి చూశాను. కళ్లు ఒకటి చెప్తాయి, నోరు ఇంకొకటి చెప్తుంది. అతను మాట్లాడలేడు కాబట్టి మనకి ఎప్పటికీ తెలియదు. మీరు పిరికితనం అన్నారు, అయి ఉండవచ్చు. సినిమా కూడా అతన్ని మెచ్చుకోవడం లేదు. అతన్ని అక్కడ వదిలేసి మనల్ని చూసుకోమంటోంది.

హిప్నాటిజం సంగతికి వస్తే, చివర్లో అతికించింది కాదది. గదిలో ఉన్నప్పుడే ఒకావిడ వచ్చి హిప్నాటిజం చేస్తుంది, గడ్డి మైదానంలో ఉన్నట్టు ఊహించుకోమంటుంది. కళ్లు తెరిస్తే పెట్టెలోంచి బయటికొస్తాడు, మేడ మీద పరిచిన పచ్చగడ్డి మీద. అంటే మొదటినుంచీ అతని మనసు అతని చేతిలో లేదని చూపిస్తూనే ఉన్నారు. నమ్మశక్యమా అంటే, పదిహేనేళ్లు డబ్బు తీసుకుని మనుషుల్ని దాచే జైలు నమ్మశక్యమా? రెండు సినిమాలూ దాన్ని నమ్మమనే అడిగాయి.

మేరీ పాత్రలో ఎలిజబెత్ ఓల్సెన్ బాగా చేసిందని మాత్రం మీతో ఒప్పుకుంటాను. ఆ సినిమాలో మనిషిలా కనబడింది ఆమె ఒక్కతే.

రాత్రి బండి:

హిందీలో వచ్చిన జిందా సంగతి ఎవరూ ఎత్తలేదే. 2006, సంజయ్ గుప్తా దర్శకుడు, సంజయ్ దత్, జాన్ అబ్రహాం. బ్యాంకాక్‌లో జరుగుతుంది, పద్నాలుగేళ్ల ఖైదు. హక్కులు కొని తీసింది కాదు. సుత్తి ఫైట్ కూడా అలాగే దించేశారు. కానీ తండ్రీ కూతుళ్ల ముడిని పూర్తిగా తీసేశారు. సెన్సార్ భయమో, మన ప్రేక్షకుల భయమో. దాంతో పగకీ శిక్షకీ పొంతన లేకుండా పోయింది. నేను ముందు జిందా చూసి, తర్వాత కొరియాది చూశాను. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ నేను చూసింది ప్రశ్న లేని జవాబని.

అలాగని కొరియా కథలు మనకి అతకవని కాదు. మిస్ గ్రానీని నందినీ రెడ్డి ఓ! బేబీగా తీస్తే ఎంత మన సినిమాలా ఉందో చూశాం. అక్కడ ముసలావిడ కోరికలు మన ఇళ్లలోవే. హాలీవుడ్ వాళ్లకి కూడా తూర్పు కథలు పట్టుబడవని కాదు. హాంకాంగ్ సినిమా ఇన్ఫర్నల్ అఫైర్స్‌ని స్కార్సేసీ బోస్టన్ పోలీసుల్లోకి, ఐరిష్ గుంపుల్లోకి దించి ది డిపార్టెడ్ తీస్తే ఆస్కార్ వచ్చింది. అక్కడి మనుషులు, అక్కడి తిట్లు, అక్కడి చర్చి అన్నీ అందులో ఉన్నాయి. స్పైక్ లీ సినిమాలో ఊరు ఏదో కూడా తెలియదు. న్యూ ఆర్లీన్స్‌లో తీశారు, కానీ ఎక్కడైనా కావచ్చు. న్యూయార్క్ వీధుల్ని అంత బాగా చూపించిన దర్శకుడికి ఊరే లేకుండా చేశారు, అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఎడిట్ టేబుల్:

రాత్రి బండి గారు ఊరి సంగతి ఎత్తారు కాబట్టి, కాలం గురించి కూడా ఒక ముక్క. రెండు సినిమాల్లోనూ గదిలో టీవీ ఒక్కటే లోకం. కొరియా సినిమాలో తెరని సగానికి చీల్చి ఒక పక్క దే-సుని, ఇంకో పక్క బయటి చరిత్రని నడిపిస్తారు. 1997లో హాంకాంగ్ చైనాకి చేరడం, డయానా మరణం, 2001 సెప్టెంబర్ దాడులు, 2002 ప్రపంచకప్. ఆ ప్రపంచకప్‌లో కొరియా సెమీఫైనల్ దాకా వెళ్లింది, దేశమంతా ఎర్ర చొక్కాలేసుకుని వీధుల్లో ఉంది. ఒక్కడు మాత్రం గదిలో గోడ తవ్వుతున్నాడు. కొరియా ప్రేక్షకుడికి ఆ క్షణం ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి. రీమేక్‌లోనూ క్లింటన్ నుంచి ఒబామా దాకా వస్తారు. కానీ ఏడాది మారిందని చెప్పే బోర్డుల్లా ఉన్నాయి తప్ప, అతను ఏం పోగొట్టుకున్నాడో తెలియదు.

చివరి వరుస:

అందరికీ చాలా థాంక్స్. మీరంతా రాసింది చదివి, కొరియా సినిమా చూశాను. సబ్‌టైటిల్స్‌తోనే.

నా మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది. మలుపు తెలిసినా పనిచేసింది. నిజానికి తెలిసి ఉండటం వల్ల ఇంకా కష్టమైంది. ఆల్బమ్ సీన్‌లో నా గుండె ఆగినంత పనయింది. అతని చేతిలో ఫొటోల ఆల్బమ్ ఉంది. మొదటి పేజీలో తానూ, భార్యా, చిన్నపాప. పేజీ తిప్పుతాడు, పాప కాస్త పెద్దదైంది. ఇంకో పేజీ, ఇంకా పెద్దదైంది. ఏం రాబోతుందో నాకు తెలుసు, అతనికి ఇంకా తెలియదు, ఆ చేతులు మాత్రం తిప్పుతూనే ఉన్నాయి. "ఆపు, తిప్పకు" అని పైకే అన్నాను. హాలీవుడ్ సినిమాలో ఇదే నిజాన్ని విలన్ నిలబడి, టీవీలో నువ్వు చూసిన కూతురు అద్దె నటి అని పూసగుచ్చినట్టు వివరించాడు. నాకు అర్థమైంది, తగల్లేదు. ఇక్కడ ఎవరూ వివరించలేదు. పేజీలే చెప్పాయి.

కృష్ణా తీరం గారి మాట కూడా మనసులో పెట్టుకునే చూశాను. మి-దోకి జరిగింది అన్యాయమే, అందులో నేను మీ వైపే. కానీ అతను నేలమీద పడి మొరుగుతుంటే పిరికివాడని అనలేకపోయాను.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. పార్క్ చాన్-వుక్ సినిమాల్లో దీని తర్వాత ఏది చూడాలి? ఇంత రక్తం లేనిది ఉంటే ఇంకా మంచిది. మా ఆవిడ కూడా చూస్తానంటోంది.

డబ్బింగ్ రాత:

చాలా సంతోషంగా ఉందండీ. ఆల్బమ్ గురించి మీరు రాసింది చదివి మళ్లీ ఆ సీన్ పెట్టుకుని చూశాను.

పగ సినిమాలు మూడు తీశాడు ఆయన. 2002లో సింపతీ ఫర్ మిస్టర్ వెంజన్స్, 2003లో ఇది, 2005లో లేడీ వెంజన్స్. మొదటిది ఇంకా కటువుగా, ఊపిరాడనట్టు ఉంటుంది. ఇద్దరూ కలిసి చూసేటప్పుడు దాంతో మొదలుపెట్టకండి. లేడీ వెంజన్స్ చూడండి, దాంట్లో చోయ్ మిన్-సిక్ మళ్లీ ఉన్నాడు, ఈసారి పూర్తిగా అవతలి వైపు. రక్తం ఉంది, కానీ ఏడుపు ఎక్కువ.

రక్తం తక్కువ కావాలంటే 2022లో వచ్చిన డిసిషన్ టు లీవ్. ఒక పోలీసు, భర్తని చంపిందని అనుమానం ఉన్న ఒక ఆవిడ. ఆ సినిమాకి కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. మీ ఆవిడతో చూడటానికి అదే సరైనది. కాస్త నిదానంగా నడుస్తుంది, ఫోన్లు పక్కన పెట్టి చూడండి.

హాలీవుడ్‌లో ఆయనే స్వయంగా ఏం చేశాడో తెలుసుకోవాలనుంటే స్టోకర్ ఉంది. నికోల్ కిడ్మన్, మియా వసికోవ్‌స్కా. కెమెరా ఓల్డ్‌బాయ్‌కి చేసిన చుంగ్ చుంగ్-హూనే. విడుదలైంది 2013లోనే, స్పైక్ లీ రీమేక్ వచ్చిన అదే సంవత్సరం.